ఆరేళ్ల పిల్లల స్వెట్టర్ నమూనాని పదకొండేళ్ల అమ్మాయికి పెంచుకోవచ్చా?

నీలిఊలు
మా అమ్మాయికి పదకొండేళ్లు. క్రోషే స్వెట్టర్ కావాలని తనే అడిగింది. ఈ వయసులో అడగడమే గొప్ప, మనసు మారేలోపు మొదలుపెట్టాలి. ఎక్కడ వెతికినా పసిపిల్లల స్వెట్టర్లు కుప్పలు, పెద్దవాళ్లవి కుప్పలు. మధ్యలో ఉన్నవాళ్లకి చలి వేయదనుకుంటారో ఏమో. నా దగ్గర ఆరేళ్ల పిల్లలకి రాసిన నమూనా ఒకటుంది, అప్పట్లో చక్కగా కుదిరింది. దాన్నే లావు ఊలుతో, పెద్ద హుక్‌తో అల్లితే ఇప్పుడు సరిపోతుందా? తల మీంచి వేసుకునే రకం, బొత్తాలు లేవు.

కొసదారం
సరిపోదు.

సగంలో_వదిలేశా
ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలాగండీ, ఎందుకో కూడా చెప్పండి.

కొసదారం
చేతులు పొట్టి అవుతాయి, మెడ వెడల్పు అవుతుంది.

లెక్కలపుస్తకం
కొసదారం గారి మాట వెనక లెక్క ఇది. క్రాఫ్ట్ యార్న్ కౌన్సిల్ (అమెరికాలో ఊలు కంపెనీల సంఘం) కొలతల పట్టికలో 6 సైజుకి ఛాతీ చుట్టుకొలత 63.5 సెంటీమీటర్లు, 12 సైజుకి 76. అంటే దాదాపు ఐదో వంతు పెరిగింది. వెనక మెడ మధ్య నుంచి మణికట్టు దాకా చూస్తే 52 నుంచి 66కి వెళ్లింది, నాలుగో వంతు కన్నా ఎక్కువ. తల మాత్రం ఆ మధ్యలో ఓ రెండు సెంటీమీటర్లు పెరుగుతుందేమో. మొత్తాన్ని ఒకే నిష్పత్తిలో పెంచితే ఛాతీ దగ్గర కుదురుతుంది, చెయ్యి మణికట్టుకి పైనే ఆగిపోతుంది, మెడ భుజం మీంచి జారుతుంది. పిల్లలు ఫోటోని పెద్దది చేసినట్టు పెరగరు.

ఇంకోటి. లావు ఊలుతో అల్లితే బట్ట కూడా మందం అవుతుంది. ఆరేళ్ల స్వెట్టర్‌లో మెత్తగా ఉన్న కుట్టే ఇందులో బిర్రుగా, బరువుగా తయారవుతుంది.

రాత్రి_అల్లిక
నేను ఒప్పుకోను. మా పెద్దాడికి 8 సైజు నమూనాని అర మిల్లీమీటరు పెద్ద హుక్‌తో అల్లాను, 10 సైజుకి సరిగ్గా వచ్చింది. చేతులకి నాలుగు వరసలు కలిపా, అంతే. అంత భయపెట్టక్కర్లేదు.

లెక్కలపుస్తకం
ఒక్క సైజు దాటడానికి అది పనిచేస్తుంది, కాదనను. పైగా మీరు చేతులకి విడిగా వరసలు కలిపారు కదా, అంటే నిష్పత్తి మార్చినట్టే. 6 నుంచి 12కి మూడు సైజులు దాటాలి.

రాత్రి_అల్లిక
సరే, అది మీ ఖాతాలో వేసుకోండి.

నీలిఊలు
అందరికీ థాంక్స్. కొలిచాను. ఛాతీ 72 సెంటీమీటర్లు. సన్నగా పొడుగ్గా ఉంటుంది. గొంతు దగ్గర ఏం తగిలినా చిరాకు, ఊలు గుచ్చుకుంటుందని ఒకటే గొడవ. అందుకే లావు కాటన్ దారం తెచ్చిపెట్టుకున్నా. నమూనా లేకుండా అల్లగలనా అన్నది ఇప్పుడు నా టెన్షన్.

మూడోవరస
పిల్లని కొలవడం వదిలేయండి, తనకి ఇప్పుడు వదులుగా, హాయిగా ఉన్న స్వెట్టరో హూడీయో ఒకటి తీసుకుని నేల మీద పరిచి కొలవండి. చంక కింద అడ్డంగా ఎంత, భుజం నుంచి అంచు దాకా ఎంత, చంక నుంచి మణికట్టు దాకా చెయ్యి ఎంత, పై చెయ్యి వెడల్పు ఎంత, మెడ వెడల్పు ఎంత. ఎంత వదులు ఇష్టమో ఆ బట్టే చెప్తుంది. ఒంటి కొలతకి ఎన్ని సెంటీమీటర్లు కలపాలి అన్న చర్చే ఉండదు.

కొసదారం
+1. వయసు చూసి అల్లడం మానేస్తే సగం గొడవలు పోతాయి.

సూదులే_మేలు
ఎవరూ అనట్లేదు కాబట్టి నేనే అంటా. స్వెట్టర్‌కి నిట్టింగ్ మంచిది. క్రోషే బట్ట సాగదు, అట్టలా నిలబడుతుంది, ఊలు కూడా నిట్టింగ్ కన్నా మూడో వంతు దాకా ఎక్కువ తింటుంది. క్రోషే బొమ్మలకీ దుప్పట్లకీ బాగుంటుంది.

పిచ్చుకగూడు
వచ్చారండీ వచ్చారు, ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా.

మూడోవరస
సూదులే_మేలు గారూ, ఊలు ఎక్కువ పడుతుందన్నది నిజమే. అట్టలా ఉంటుందన్నది మాత్రం అల్లేవాళ్ల చేతిలో ఉంది. సింగిల్ క్రోషేతో (పొట్టి కుట్టు), లేబుల్ మీద రాసిన హుక్‌తో బిగించి అల్లితే అట్టే వస్తుంది. సన్నని ఊలు తీసుకుని, లేబుల్ మీద 4 మిల్లీమీటర్లు అని ఉంటే 5 వాడి, హాఫ్ డబుల్ (సింగిల్ కన్నా కొంచెం పొడుగు కుట్టు) వేసి చూడండి. చేతిలో వేలాడదీస్తే ఒంగాలి. రిబ్ అంచులకి, అంటే చారలు చారలుగా సాగే పట్టీలకి, వెనక పోగులోంచి మాత్రమే కుడితే సాగుతుంది కూడా.

సూదులే_మేలు
ఒంగుతుంది, నిట్టింగ్ అంత కాదు.

మూడోవరస
అంత కాదు. అమ్మాయి అడిగింది క్రోషేనే కదా మరి.

గంపెడూలు
లావు కాటన్ అన్నారు చూడండి నీలిఊలు గారూ, అది పక్కన పెట్టండి. కాటన్ బరువు, ఊలుకి ఉన్నట్టు వెనక్కి ముడుచుకునే గుణం లేదు. పొడుగు స్వెట్టర్ దాని బరువుకి అదే కిందికి దిగుతుంది. నాలుగు సార్లు ఉతికేసరికి గౌను అవుతుంది. సన్న కాటన్ అయితే కొంత నయం. నన్నడిగితే కాటన్, అక్రిలిక్ కలిసిన దారం. తేలిక, గుచ్చదు, మెషీన్‌లో వేసేయొచ్చు.

రాత్రి_అల్లిక
అక్రిలిక్ అంటే ప్లాస్టిక్ కదండీ. చెమట పీల్చదు. మెరినో ఊలు చూడండి, గుచ్చదు.

గంపెడూలు
ఎదిగే పిల్లకి మెరినో కొని, ఏడాదికి పొట్టి అయిపోతే? పైగా ఉతికే పద్ధతి తెలియనివాళ్లు వేడి నీళ్లలో వేస్తే ముద్దయిపోతుంది.

లెక్కలపుస్తకం
ఇద్దరూ సగం సగం రైటు. గుచ్చుకోవడం ఊలు పోగు మందాన్ని బట్టి ఉంటుంది, దాన్ని మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కొలుస్తారు. 30 మైక్రాన్లు దాటిన పోగులు చర్మాన్ని పొడుస్తాయి. మెరినో పోగులు చాలావరకు 24 లోపే ఉంటాయి కాబట్టి చాలామందికి పడుతుంది. సూపర్‌వాష్ అని రాసి ఉంటే మెషీన్‌లో ముద్దవదు, కానీ తడిస్తే బాగా సాగుతుంది, అందుకే కొలత కోసం ముందుగా అల్లే చిన్న ముక్కని ఉతికాకే కొలవాలి. అక్రిలిక్‌తో ఒక జాగ్రత్త: ఇస్త్రీ పెట్టె ఆనించకూడదు. వేడికి పోగులు వాలిపోయి బట్ట జీవం లేకుండా అవుతుంది, మళ్లీ వెనక్కి రాదు.

పిచ్చుకగూడు
కొనేముందు ఊలు ఉండని అమ్మాయి మెడ మీద ఓ పావుగంట పెట్టి చూడమనండి. ఎన్ని మైక్రాన్లో తనే చెప్తుంది.

పేరు_చెప్పను
ఇది మా అమ్మ అకౌంట్. నాకు పన్నెండేళ్లు. ఎవరూ అమ్మాయిని అడగలేదు కాబట్టి రాస్తున్నా. ఎలుగుబంటి బొమ్మలు వద్దు. పువ్వులు అతికించొద్దు. చేతులు అరచేతి సగం దాకా రావాలి, అది కావాలనే, పొరపాటు కాదు. పొట్ట దగ్గర జేబు ఉంటే బాగుంటుంది. రంగు తననే అడగండి, సర్‌ప్రైజ్ ఇవ్వద్దు ప్లీజ్.

సగంలో_వదిలేశా
ఈ చర్చలో అన్నిటికన్నా పనికొచ్చే పోస్టు ఇదే.

నీలిఊలు
పేరు_చెప్పను, నీ పోస్టు మా అమ్మాయికి చదివి వినిపించా. "చూశావా" అంది. జేబు ఖాయం. చేతులు కూడా నువ్వు చెప్పినంత పొడుగే కావాలట.

చుట్టూ_తిరిగి
హుడ్ కావాలంటే పెట్టండి కానీ మెడ దగ్గర తాడు పెట్టొద్దు. జారుడు బల్లలకీ తలుపులకీ చిక్కుకుని పిల్లల ప్రాణాలు పోయాయని అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ 1996లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 12 సైజు దాకా మెడకి, హుడ్‌కి తాడు వద్దని అందులో ఉంది. అల్లిన తాడైనా తాడే.

నీలిఊలు
హుడ్ వద్దంది, మామూలు గుండ్రని మెడే. ఇంతకీ పై నుంచి కిందికి అల్లాలా, ముక్కలు ముక్కలుగా అల్లి కుట్టాలా?

మూడోవరస
పై నుంచి కిందికి, రాగ్లాన్. మెడ దగ్గర మొదలుపెట్టి నాలుగు మూలల్లో కుట్లు పెంచుకుంటూ వెళ్లడం, చంకల దగ్గర చేతుల్ని వదిలేసి ఒళ్లు అల్లడం, ఆ తర్వాత చేతులు. మధ్యమధ్యలో తొడిగి చూసుకోవచ్చు. పిల్లల స్వెట్టర్‌కి ఇదే పద్ధతి అనడానికి అసలు కారణం వేరే ఉంది. క్రోషే అల్లిక చివర నుంచే ఊడుతుంది, మొదలు నుంచి విప్పలేం. కింద నుంచి పైకి అల్లితే విప్పే కొస మెడ దగ్గర ఉండిపోతుంది. పై నుంచి అల్లితే అంచు దగ్గర, ముంజేతి దగ్గర ఉంటుంది. వచ్చే ఏడాది రిబ్ విప్పేసి నాలుగైదు వరసలు కలిపి మళ్లీ రిబ్ వేసుకోవచ్చు. ఈ వయసులో ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరగడం మామూలే, ఒక్కసారిగా ఎదిగే దశలో ఇంకా ఎక్కువ.

కొసదారం
ఇక్కడ మాత్రం నేను ముక్కల పక్షం. భుజం దగ్గర కుట్టు లేకపోతే స్వెట్టర్ బరువంతా మెడ మీద పడుతుంది, సాగుతుంది. భుజం కుట్టు ఆ బరువు మోస్తుంది. ముక్కలైతే ఒళ్లో పెట్టుకుని అల్లొచ్చు, మొత్తం స్వెట్టర్‌ని తిప్పుతూ కూర్చోక్కర్లేదు.

మూడోవరస
కాటన్‌కైతే మీ మాటే నిజం. తేలిక దారానికి మెడ అంచు బిగువుగా వేస్తే చాలు. ముక్కలు కుట్టాక చెయ్యి పొట్టి అని తేలితే ఏం చేస్తారు?

కొసదారం
కఫ్ విప్పుతా.

మూడోవరస
కింద నుంచి మొదలుపెట్టిన చెయ్యి అయితే కఫ్ విప్పలేరు కదా!

కొసదారం
చెయ్యి భుజం నుంచి కిందికే అల్లుతా నేను. ముక్కలంటే అన్నీ కింద నుంచే అల్లాలని ఎవరన్నారు?

పిచ్చుకగూడు
పాప్‌కార్న్ కుట్టు వేసుకుని కూర్చున్నా, కానివ్వండి.

చుట్టూ_తిరిగి
రాగ్లాన్ వేస్తే రెండు విషయాలు. ఒకటి, ప్రతి చుట్టుకీ తిరగేసి అల్లండి. ఒకే వైపు తిరుగుతూ పోతే కుట్లు పక్కకి వాలి, మూలల గీతలు మెలి తిరుగుతాయి. రెండు, మొదలు మామూలు చైన్‌తో (గొలుసు కుట్టు) కాకుండా చైన్ లేని ఫౌండేషన్ కుట్టుతో (చైనూ మొదటి వరసా ఒకేసారి అల్లేది) మొదలుపెట్టండి. చైన్ సాగదు. మెడ చూడ్డానికి పెద్దగానే ఉండి, తల దగ్గర ఇరుక్కుపోయే స్వెట్టర్లన్నీ చైన్ వల్లే.

గంపెడూలు
గొంతు దగ్గర చిరాకు అన్నారు కాబట్టి మూడోది నేను కలుపుతా. ముందు మెడా వెనక మెడా ఒకే ఎత్తులో ఉంటే స్వెట్టర్ వెనక్కి జారి ముందు గొంతుకి ఒత్తుకుంటుంది. గుండ్రంగా కలపకముందే వెనక భాగానికీ చేతులకీ నాలుగైదు పొట్టి వరసలు అడ్డంగా అల్లి వెనక ఎత్తు చేయాలి. రెండు మూడు సెంటీమీటర్లు లేచినా చాలు.

నీలిఊలు
కాటన్ అక్రిలిక్ కలిసిన సన్న దారం తెచ్చా, రంగు తనే ఎంచింది, ముదురు ఆకుపచ్చ. 5 మిల్లీమీటర్ల హుక్, హాఫ్ డబుల్. 20 బై 20 ముక్క అల్లి, ఉతికి, ఆరేసి కొలిచా. 10 సెంటీమీటర్లకి 15 కుట్లు, 11 వరసలు. ముక్క బరువు 25 గ్రాములు. తను హాయిగా వేసుకునే హూడీ చంక కింద చుట్టూ 83 వచ్చింది, పొడుగు 50. ఇప్పుడు మెడకి ఎన్ని కుట్లు? దారం ఎంత కావాలి?

సగంలో_వదిలేశా
ముక్క అల్లి ఉతికి మరీ కొలిచినవాళ్లని మొదటిసారి చూస్తున్నా. దండాలు.

లెక్కలపుస్తకం
అంత వివరంగా కొలిస్తే లెక్క చేయడం నాకూ సరదా.

ముందు దారం. ఒళ్లు 83 ఇంటూ 50, అంటే 4150 చదరపు సెంటీమీటర్లు. చెయ్యి సగటు వెడల్పు 26, పొడుగు 40 అనుకుంటే రెండూ కలిపి 2080. మొత్తం 6230. మీ ముక్క 400 చదరపు సెంటీమీటర్లకి 25 గ్రాములు. అంటే సుమారు 390 గ్రాములు. రిబ్, జేబు, పొడుగు చేతులకి ఇంకో 60 కలపండి. 450. ఒక ఉండ అదనంగా పెట్టుకుని 500 గ్రాములు తీసుకోండి, అన్నీ ఒకే డై లాట్ (ఒకేసారి రంగు వేసిన దారం). దొరక్కపోతే రెండు లాట్లనీ రెండేసి వరసలు మార్చి మార్చి అల్లితే తేడా కనపడదు.

మెడకి: చుట్టూ 48 సెంటీమీటర్లు, అంటే 72 కుట్లు. ముందు 24, వెనక 24, చేతులు పదేసి, మూలలు నాలుగు. ప్రతి మూల కుట్టులో మూడు వేస్తే చుట్టుకి 8 పెరుగుతాయి, ఒక్కో భాగానికి రెండు. 15 చుట్లకి ముందూ వెనకా 54 చొప్పున, చేతులు 40 చొప్పున వస్తాయి. మూలల నాలుగు కుట్లూ ఒంటికి ఇచ్చేసి, చంకల్లో ఆరేసి చైన్ వేస్తే ఒంటికి 124 కుట్లు, అంటే 83 సెంటీమీటర్లు. చేతికి 46, దాదాపు 31.

మూడోవరస
లెక్కలపుస్తకం గారూ, అడ్డం లెక్క బాగుంది, నిలువు మర్చిపోయారు. 15 చుట్లంటే 10 సెంటీమీటర్లకి 11 వరసల చొప్పున 13.6 సెంటీమీటర్లే. పదకొండేళ్ల పిల్లకి చంక అంత పైన ఉంటే చెయ్యి ఎత్తలేదు. 17 దాకా రావాలి. ఇంకో నాలుగు చుట్లు పెంచకుండా అల్లాలి.

లెక్కలపుస్తకం
అవును, అది నేను వదిలేశాను. 19 చుట్లు, 17.3 సెంటీమీటర్లు. ఆ నాలుగు మామూలు చుట్లనీ చివర్లో ఒకేచోట వేయకండి. చివరి ఎనిమిది చుట్లలో ఒకటి విడిచి ఒకటి పెంచండి, వాలు సాఫీగా ఉంటుంది.

రాత్రి_అల్లిక
చేతికి 31 మరీ ఎక్కువ కాదూ? సన్నని పిల్ల అన్నారు.

చుట్టూ_తిరిగి
లోపల నిండు చేతుల చొక్కా వేసుకుంటే ఆ వదులు కావాలి. చంక దగ్గర నుంచి ఐదారు చుట్లకోసారి రెండేసి తగ్గించుకుంటూ పోతే ముంజేతికి సన్నగా వచ్చేస్తుంది. చంక చైన్ రెండు చివర్లా కన్నాలు పడతాయి చూడండి, అక్కడ ఒక్కో కుట్టు అదనంగా ఎత్తి తర్వాతి చుట్టులో కలిపేయండి.

నీలిఊలు
అర్థమైంది. నమూనాల్లో డబుల్ క్రోషే అన్నచోట ఒక్కోసారి బొత్తిగా పొట్టి కుట్టు వస్తోంది, అదేంటి?

కొసదారం
అది బ్రిటన్ నమూనా. వాళ్ల డబుల్ అమెరికా వాళ్లకి సింగిల్, వాళ్ల ట్రెబుల్ వీళ్లకి డబుల్. నమూనా మొదట్లో ఏ పద్ధతో రాసి ఉంటుంది, అది చూడకుండా హుక్ పట్టుకోవద్దు.

నీలిఊలు
మెడ, పొట్టి వరసలు, ఎనిమిది చుట్లు అయ్యాయి. తల దూరింది, గొంతుకి తగలట్లేదట. మూలల గీత మాత్రం మొదట్లో కొంచెం గరుకుగా ఉంది.

గంపెడూలు
ఉతికాక సర్దుకుంటుంది. అంతకీ తగ్గకపోతే మూలలో మూడు కుట్ల బదులు కుట్టు, చైన్, కుట్టు వేయండి. లెక్క మారదు, మెత్తగా ఉంటుంది.

పొడుగుచేతులు
ఆలస్యంగా వచ్చా. మా అబ్బాయికి పద్నాలుగు, నెలనెలా పెరుగుతున్నట్టే ఉంటాడు. ఇదే లెక్కతో అల్లొచ్చా?

లెక్కలపుస్తకం
అల్లొచ్చు. అదే పట్టికలో 14 సైజు ఛాతీ 80, కానీ అబ్బాయిల భుజాలు ఆ వయసులో వెడల్పవుతాయి, తను వేసుకునే బట్ట కొలతే తీసుకోండి. 20 బై 20 ముక్క కొలతలు పెట్టండి, కుట్లు లెక్క కట్టిస్తా.

మూడోవరస
ఒళ్లు ముందు, చేతులు చివర అల్లండి. చెయ్యి కొలత ఇవాళ తీసుకోవద్దు, కఫ్ మొదలుపెట్టే రోజున తీసుకోండి.